చవకగా దొరికే నాలుగేళ్లు

ఎన్‌బీఏగా ప్రసిద్ధమైన అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఒక జట్టు తరఫున కోర్టులో ఒకేసారి ఉండేది ఐదుగురే కావడం వల్ల, క్రికెట్, ఫుట్‌బాల్ వంటి పదకొండు మంది ఆటల్లో కన్నా ఇక్కడ ఒక్క మేటి ఆటగాడు ఫలితాన్ని ఎంతో ఎక్కువగా ప్రభావితం చేయగలడు. అందుకే అక్కడి 30 జట్లూ ఏటా అలాంటి ఒకరిద్దరి కోసమే వెతుకుతుంటాయి. అయితే సంపన్నుడైన యజమాని నచ్చిన వాళ్లందరినీ కొనేసుకునే అవకాశం అక్కడి నిబంధనల్లో లేదు. ఐపీఎల్‌లో వలె ఆటగాళ్లను వేలం వేసే పద్ధతీ లేదు.

ఆటగాడు జట్టులోకి వచ్చే దారులు ప్రధానంగా మూడు. కళాశాలల నుంచీ విదేశాల నుంచీ వచ్చే కొత్తవారిని జట్లు వరుసక్రమంలో ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటిది. అందులో క్రితం ఏడాది వెనకబడిన జట్లకు ముందు అవకాశం దక్కుతుంది. జట్లు తమలో తాము ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ రెండోది కాగా, ఒప్పందం ముగిసినవారు తమకు నచ్చిన జట్టుతో కొత్త ఒప్పందం చేసుకునే ఫ్రీ ఏజెన్సీ మూడోది. భవిష్యత్తులో రాబోయే డ్రాఫ్ట్ ఎంపికలను కూడా ట్రేడ్‌లో ఇచ్చిపుచ్చుకోవచ్చు గనుక, ఇంకా పాఠశాలలో చదువుతున్న కుర్రాడి మీద హక్కు ఇవాళే చేతులు మారడం అక్కడ మామూలు విషయం.

ఈ మూడు దారులకూ కాపలాగా నిలిచేది శాలరీ క్యాప్, అంటే ఆటగాళ్ల జీతాల మొత్తానికి లీగ్ విధించే పరిమితి. 1984-85లో 36 లక్షల డాలర్లతో మొదలైన ఈ పరిమితి 2024-25 నాటికి సుమారు 14.06 కోట్ల డాలర్లకు చేరింది. సొంత ఆటగాడిని నిలుపుకోవడానికి దీన్ని దాటవచ్చు. ఈ వెసులుబాటుకు బోస్టన్ దిగ్గజం లారీ బర్డ్ పేరే నిలిచిపోయింది. అయితే క్యాప్‌కు పైనున్న ఇంకో హద్దును దాటిన కొద్దీ లగ్జరీ ట్యాక్స్ అనే జరిమానా పెరుగుతుంది, పైగా లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ‘రెండో ఏప్రన్’ అనే మరో గీత దాటిన జట్టు, ఇద్దరు ఆటగాళ్ల జీతాలను కలిపి ట్రేడ్‌లో ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకునే హక్కును కూడా కోల్పోతుంది.

జట్టు నిర్మాణంలోని అసలు కిటుకు మాత్రం మరో రెండు నిబంధనల్లో ఉన్నది. ఒక ఆటగాడికి ఇవ్వగల గరిష్ఠ జీతం అతని అనుభవాన్ని బట్టి క్యాప్‌లో 25, 30 లేదా 35 శాతానికి పరిమితం కావడం ఒకటి. డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎంపికైనవారి తొలి నాలుగేళ్ల జీతాన్ని వారి వరుస సంఖ్యను బట్టి లీగే ముందుగా నిర్ణయించడం రెండోది. లీగ్‌లో మేటి అనిపించుకున్నవాడు తన విలువకన్నా తక్కువకే ఆడతాడు. మేటి కాబోతున్న కుర్రాడు మరీ చవకగా ఆడతాడు. అలా విలువకూ జీతానికీ మధ్య అంతరం ఉన్న ఆటగాళ్లు పలువురు ఒకే కాలంలో ఒకే జట్టులో కలిసినప్పుడు, మిగిలిన డబ్బుతో అనుభవజ్ఞులను తెచ్చుకోవడం సాధ్యమవుతుంది. ఛాంపియన్‌షిప్ అవకాశం తెరుచుకునేది ఆ కొద్ది కాలంలోనే.

ఈ సూత్రాన్ని ఓక్లహోమా సిటీ థండర్ అంత ఖరీదు చెల్లించి నేర్చుకున్న జట్టు బహుశా మరొకటి లేదు. 2007 నుంచి జనరల్ మేనేజర్‌గా ఉన్న శామ్ ప్రెస్టి డ్రాఫ్ట్‌లో వరుసగా కెవిన్ డ్యూరాంట్, రసెల్ వెస్ట్‌బ్రూక్, జేమ్స్ హార్డెన్‌లను ఎంచుకోగా, ఆ కుర్ర జట్టు 2012 ఫైనల్స్ చేరి మయామీ చేతిలో ఓడింది. ఆ అక్టోబరులోనే, కొత్త ఒప్పందపు మొత్తంపై రాజీ కుదరక, హార్డెన్‌ను హ్యూస్టన్‌కు పంపేశారు. తర్వాతి కాలంలో ముగ్గురూ లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నా, వారి వల్ల ఓక్లహోమాకు ఒక్క టైటిలూ దక్కలేదు. 2016లో డ్యూరాంట్ కూడా గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు.

రెండో ప్రయత్నం 2019 జులైలో మొదలైంది. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌లో చేరబోతున్న కవాయ్ లెనర్డ్ తనకు తోడుగా పాల్ జార్జ్‌ను కోరుకోవడం, జార్జ్ కూడా ఓక్లహోమాను వీడాలనుకోవడం ప్రెస్టికి కలిసొచ్చాయి. జార్జ్‌ను ఇచ్చినందుకు షే గిల్జస్-అలెగ్జాండర్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు, అనుభవజ్ఞుడైన డానిలో గల్లినారి, ఐదు మొదటి రౌండు డ్రాఫ్ట్ ఎంపికలు, వాటికి తోడు రెండు ‘స్వాప్’లు, అంటే ఇరు జట్ల ఎంపికల్లో మెరుగైనదాన్ని తీసుకునే హక్కులు, ఓక్లహోమాకు దక్కాయి. 2021-22లో గాయం వల్ల లెనర్డ్ సీజనంతా ఆడలేదు, క్లిప్పర్స్ ప్లేఆఫ్స్‌కు చేరలేదు. దాంతో 12వ స్థానానికి వచ్చిన వారి ఎంపికతో 2022లో ఓక్లహోమా జేలెన్ విలియమ్స్‌ను తెచ్చుకున్నది.

ఈ లోగా ఆ జట్టు బాగానే ఓడింది. 2021-22లో 82 మ్యాచ్‌లలో 24 మాత్రమే గెలిచి, రెండో ఎంపికతో చెట్ హోమ్‌గ్రెన్‌ను సంపాదించింది. మంచి డ్రాఫ్ట్ స్థానం కోసం బలహీనమైన జట్టును దింపి ఓటములను కోరి తెచ్చుకోవడాన్ని ట్యాంకింగ్ అంటారు. విజయానికి అదే రాచబాట అన్న నమ్మకం అభిమానుల్లో బలంగా ఉన్నప్పటికీ అది సగం నిజమే. 2015-16లో పది మ్యాచ్‌లే గెలిచిన ఫిలడెల్ఫియాకు ఆ ఓటముల ఫలంగా 2016లో మొదటి ఎంపిక లభించింది, ట్రేడ్‌తో 2017లోనూ అదే స్థానం దక్కింది, అయినా ఆ జట్టు ఫైనల్స్ గడప కూడా తొక్కలేదు. అట్టడుగున ఉన్న మూడు జట్లకూ, డ్రాఫ్ట్ తొలి స్థానాలను తేల్చే లాటరీలో మొదటి ఎంపిక దక్కే అవకాశం 2019 నుంచి 14 శాతం చొప్పునే ఉండటంతో, కోరి ఓడినవారికి ఫలితం మరింత అనిశ్చితమైంది. ఓక్లహోమా నాయకుడు గిల్జస్-అలెగ్జాండర్ సైతం 2018 డ్రాఫ్ట్‌లో 11వ వాడు.

మేటి ఆటగాళ్ల చుట్టూ చేరినవారి కథ ఇంకా ఆసక్తికరం. ప్రత్యర్థి ప్రధాన ఆటగాడిని వెంటాడే లూ డోర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. ఆరన్ విగ్గిన్స్ 55వ ఎంపిక. దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేసే ఐజయా జో ఫిలడెల్ఫియా వదులుకున్న ఆటగాడు. 2024 ప్లేఆఫ్స్‌లో డల్లాస్ జట్టు ఓక్లహోమా కుర్రాడు జాష్ గిడ్డీని దూరం నుంచి వేయగలడన్న భయం లేకుండా ఖాళీగా వదిలేసి, మిగతావారిని కట్టడి చేయడంతో అతని షూటింగ్ లోపం బట్టబయలైంది. వెంటనే, 2021లో ఆరో ఎంపికగా తెచ్చుకున్న ఆ గిడ్డీని షికాగోకు ఇచ్చి, ముప్పై ఏళ్ల డిఫెన్స్ నిపుణుడు అలెక్స్ కరూసోను తెచ్చారు. షాట్ తప్పినప్పుడు బంతిని అందుకునే రీబౌండింగ్‌లోని బలహీనతను పూడ్చడానికి ఏడడుగుల ఐజయా హార్టెన్‌స్టైన్‌తో మూడేళ్లకు 8.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. హోమ్‌గ్రెన్ తుంటి ఎముక గాయంతో దాదాపు మూడు నెలలు దూరమైనా జట్టు తట్టుకోగలిగినది ఇందువల్లనే. 2025 ప్లేఆఫ్స్‌లో డెన్వర్‌తో ఏడో మ్యాచ్‌లో తనకన్నా ఎంతో భారీకాయుడైన నికోలా యోకిచ్‌ను కరూసో అడ్డుకున్న తీరైతే, పేరున్న ఆటగాడికీ అవసరమైన ఆటగాడికీ ఉన్న తేడాకు మంచి పాఠం.

ఇంతటి బలగం సాధ్యమైనది జీతాల లెక్క వల్ల. 2024-25లో గిల్జస్-అలెగ్జాండర్‌కు సుమారు 3.59 కోట్ల డాలర్లు, హోమ్‌గ్రెన్‌కు 1.09 కోట్లు, విలియమ్స్‌కు 48 లక్షలు ముట్టగా, ఆ ముగ్గురి మొత్తం అదే ఏడు గోల్డెన్ స్టేట్ స్టెఫెన్ కరీ ఒక్కరికి చెల్లించిన 5.58 కోట్లకన్నా తక్కువే. ఆ సీజనులో 68 మ్యాచ్‌లు గెలిచిన ఓక్లహోమా, 2025 జూన్ 22న ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఇండియానాను ఓడించి ఛాంపియన్ అయింది.

ఆ వేసవిలోనే చవక కాలం ముగింపుకు తేదీలు పడ్డాయి. గిల్జస్-అలెగ్జాండర్‌తో నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్ల పొడిగింపు కుదిరింది. హోమ్‌గ్రెన్, విలియమ్స్‌ల గరిష్ఠ ఒప్పందాలు 2026-27 నుంచి అమలయ్యేలా ఖరారయ్యాయి. జీతాలు పెరిగాక ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అప్పటికే కళ్లముందున్నది: 2024 ఛాంపియన్ బోస్టన్, సరిగ్గా రెండో ఏప్రన్ భారం తగ్గించుకోవడానికే జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌లను టైటిల్ గెలిచిన ఏడాదికే వదులుకోవలసి వచ్చింది. ఓక్లహోమా యాజమాన్యం ఈ రోజును ముందే ఊహించినట్టున్నది: హార్టెన్‌స్టైన్, డోర్ట్‌ల ఒప్పందాలు రెండింటిలోనూ 2026-27 సంవత్సరం జట్టు ఇష్టానికే వదిలిపెట్టి ఉన్నది.