మాడ్యూల్ కింద తెల్ల పూత

ఇంజిన్ బాగా వేడెక్కాక కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత తిప్పినా స్టార్ట్ కాదు. బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ అందుకుంటుంది. 1980ల నాటి ఫోర్డ్ కార్లలో ఈ జబ్బుకు పేరుపడ్డ భాగం టి.ఎఫ్.ఐ. ఇగ్నిషన్ మాడ్యూల్. దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కే, ఇంజిన్ సెగ తగిలేచోటే బిగించారు. తర్వాతి మోడళ్లు చాలావాటిలో అక్కణ్ణుంచి తప్పించి, దూరంగా విడి హీట్ సింక్ మీద పెట్టారు.

పూర్వం కాంటాక్ట్ పాయింట్లు చేసిన పనే మాడ్యూల్‌లోని ట్రాన్సిస్టర్ చేస్తుంది. కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి, సరైన క్షణంలో తెంచుతుంది. తెంచినప్పుడే స్పార్క్ పుడుతుంది. ఆ కరెంటు కొన్ని ఆంపియర్లు ఉంటుంది కనుక బయటి సెగ లేకపోయినా ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. సిలికాన్ చిప్పు సాధారణంగా 150 డిగ్రీల సెల్సియస్ దాకానే ఓర్చుకుంటుంది. ఆ వేడి మాడ్యూల్ అడుగు పలకలోంచి కింది అల్యూమినియంలోకి దిగిపోవాలి.

చిక్కంతా ఆ రెండు లోహాల మధ్యే. చేతికి ఎంత నున్నగా తగిలినా వాటి మీద సన్నని గీతలు, గుంటలు ఉంటాయి. అవి నిజంగా తాకేది కొన్ని చోట్లే, మిగతాదంతా గాలి. ఉష్ణవాహకత (మీటరు-కెల్విన్‌కు వాట్లలో) అల్యూమినియానికి 200 పైనుంటే గాలికి 0.026 మాత్రమే. ఆ గాలిని తప్పించి సందు నింపడానికి పూసే తెల్లటి థర్మల్ పేస్ట్, అంటే జింక్ ఆక్సైడ్ కలిపిన మామూలు సిలికోన్ పేస్ట్‌కు దాదాపు 1. లోహం ముందు అది ఏపాటిది! కానీ దాని పోటీ లోహంతో కాదు, గాలితో.

లెక్క వేసి చూద్దాం. పది చదరపు సెంటీమీటర్ల పలక, 0.05 మిల్లీమీటర్ల సందు, పది వాట్ల వేడి అనుకుందాం. సందంతా గాలే ఉంటే రెండు పక్కలకూ 19 డిగ్రీల తేడా వస్తుంది. పేస్ట్ నిండితే అర డిగ్రీ. అదే పేస్ట్‌ను ఒక మిల్లీమీటరు మందాన మెత్తితే తేడా మళ్లీ పది డిగ్రీలకు ఎక్కుతుంది. అందుకే పల్చగా పూయడమే ఇందులో అసలు పనితనం. కింది లోహం లీలగా కనిపించేంత పూత చాలు.

కొత్త మాడ్యూళ్లలో కొన్నిటితో వచ్చే చిన్న ప్యాకెట్‌లో డైఎలక్ట్రిక్ గ్రీజు ఉండవచ్చు. అది ప్రధానంగా కనెక్టర్లలోకి తడి చేరకుండా కాపాడేది. గాలికంటే మేలేగానీ, దొరికితే థర్మల్ పేస్టే వాడాలి. ఎండి గట్టిపడ్డ పాత పూతను పూర్తిగా తుడవనిదే కొత్తది పూయకూడదు.

1970ల మధ్యలో జనరల్ మోటార్స్ తెచ్చిన హెచ్.ఇ.ఐ. ఇగ్నిషన్ వ్యవస్థలో మరో జాగ్రత్త కావాలి. అక్కడ మాడ్యూల్‌కు ఎర్త్ దొరికేది దాన్ని బిగించే స్క్రూల దగ్గరే. కాబట్టి ఆ రంధ్రాల చుట్టూ తుప్పు గీకి, లోహానికి లోహం ఆనేలా బిగించాలి.