కుక్కకు పచ్చి మాంసం పెట్టవచ్చునా?

ఈ నెల మనుషుల ఆహారం గురించి కాక కుక్క ఆహారం గురించి వ్రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికలో కుక్కల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. దయచేసి చివరి వరకు చదవండి. ఇది మీ ఇంట్లో పిల్లల కడుపుకు సంబంధించిన విషయమే.

మామిడి పూత నిలిచి పిందె పడ్డదంటే మన నూజివీడు చుట్టుప్రక్కల ప్రతి తోటకూ ఒక పాక, పాకకు ఒక కాపలా మనిషి, ఆ మనిషికి ఒక కుక్క తప్పనిసరి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు నుండి మా దగ్గరకు వచ్చే కుటుంబాలలో చాలామంది ఆ రెండు మూడు నెలలూ పిల్లాపాపలతో తోటలోనే ఉంటారు. అలాంటి ఒక కుటుంబంలోని అమ్మాయి తన బిడ్డకు దగ్గు మందు కోసం వచ్చి, పోతూ పోతూ ఒక ప్రశ్న అడిగింది. పట్నంలో ఉద్యోగం చేసే తమ్ముడు లాబ్రడార్ పిల్లను కొన్నాడట. అన్నం, డబ్బా మేత మానిపించి పచ్చి మాంసం, పచ్చి ఎముకలు పెడితే కుక్క ఆరోగ్యంగా ఉంటుందని ఎవరో చెప్పారట. "మార్చమంటారా, వద్దంటారా డాక్టరమ్మ గారూ?" అని ఆమె అడుగుతుంటే, ప్రక్కనే నిలబడ్డ తండ్రి నవ్వి, "మా తోట కుక్క పుట్టిన కాడ నుంచి పచ్చిదే తింటందండి. ఆదివారం మటన్ కొట్టు కాడ పారేసినదంతా దానికే" అన్నాడు.

ఆ తండ్రి మాట మమ్మల్ని నిలబెట్టేసింది. పట్నంలో క్రొత్త పద్ధతి అనుకుంటున్నది మన తోటల్లో పాత అలవాటే. అందుకని రెండింటి గురించీ చెబుతాము.

పచ్చి ఆహారం మాటకు ఎక్కువ ప్రచారం తెచ్చినవారు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. 1993లో ఆయన దీనిపై ఒక పుస్తకం వ్రాశారు. కుక్క తోడేలు జాతిది, తోడేలు వండుకొని తినదు, కాబట్టి కుక్కకూ పచ్చిదే మేలు అన్నది ఆ వాదన సారాంశం. వెంట్రుకలు నిగనిగలాడతాయనీ, పళ్ళు శుభ్రంగా ఉంటాయనీ అలా పెట్టేవారు చెబుతారు. వారు అబద్ధం చెబుతున్నారని మేము అనము. కాని కుక్క తోడేలుగా ఉండడం మాని చాలా వేల ఏళ్ళయింది. మనిషి పెట్టిన గంజి, రొట్టె తిని బ్రతకడానికి దాని శరీరమే మారింది. పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2013లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మన పల్లె కుక్క అన్నం, మజ్జిగ తిని పదేళ్ళు కాపలా కాయడంలో వింత ఏమీ లేదన్నమాట. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే, సూక్ష్మక్రిములను చంపే ప్రక్రియ ఏదీ జరగని పచ్చి మాంసం కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని తీర్మానించింది. కారణం సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి క్రిములు. కుక్క వాటిని తిని హాయిగానే ఉండవచ్చు. ఆ కుక్క మూతి నాకిన పసిబిడ్డకు, గర్భిణికి, మధుమేహం ముదిరిన తాతకు మాత్రం అవి ప్రమాదం.

అయితే మన తోటల్లో అంతకంటే పెద్ద సంగతి వేరే ఉంది. దానిని హైడాటిడ్ తిత్తి అంటారు.

గొర్రెను, మేకను కోసినప్పుడు కార్జంలోనో, ఊపిరితిత్తుల్లోనో తెల్లటి నీటి బుడగ కనబడడం మటన్ కొట్టేవారందరికీ తెలుసు. గేదెల్లోనూ ఉంటుంది. కొనేవారు అసహ్యపడతారని ఆ ముక్కను కోసి ప్రక్కన పడేస్తారు. ప్రక్కనే కుక్క కూర్చొని ఉంటుంది. ఆ బుడగలోని నీటిలో కంటికి ఇసుక రేణువుల్లా కనిపించేవి నిజానికి పురుగు తలలు, వేలకొద్దీ ఉంటాయి. కుక్క దానిని పచ్చిగా మ్రింగితే, సుమారు ఏడు వారాలలో అవి దాని చిన్న ప్రేవుల్లో బద్దెపురుగులుగా ఎదుగుతాయి. బద్దెపురుగు అనగానే బారెడు పొడవు ఊహించుకోకండి. ఇది 3 నుండి 6 మిల్లీమీటర్లు, బియ్యపు నూక అంత. ఇలాంటివి వేలు ఉన్నా కుక్క మామూలుగానే తింటుంది, మొరుగుతుంది, తోక ఊపుతుంది. పైకి ఏ గుర్తూ ఉండదు. దాని మలంలో మాత్రం కంటికి కనబడని గ్రుడ్లు పడుతుంటాయి. అవి దాని వెంట్రుకలకు, మూతికి కూడా అంటుకొని ఉంటాయి.

ఇక మనిషి సంగతి. కుక్కను నిమిరిన చేతితో ముద్ద తిన్నప్పుడు, కడగని ఆకుకూర, కొత్తిమీర తిన్నప్పుడు, కుక్కలు తిరిగిన నేలపై ఆడిన పిల్లవాడు వ్రేలు నోట్లో పెట్టుకున్నప్పుడు ఆ గ్రుడ్డు లోపలికి పోతుంది. ప్రేవుల్లో పగిలి, రక్తంలో కలిసి ఎక్కువగా కాలేయంలో ఆగుతుంది. పదిమంది రోగులలో సుమారు ఏడుగురికి కాలేయంలోనే, ఇద్దరికి ఊపిరితిత్తుల్లో తిత్తి కనిపిస్తుంది. అరుదుగా మెదడులో, ఎముకలో. తిత్తి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆరేళ్ళప్పుడు పట్టినది ముప్పయ్యేళ్ళకు బయటపడవచ్చు. అందుకే దీనిని ఎవరూ కుక్కతో ముడిపెట్టుకోరు. ఆ కుక్క చనిపోయి ఎన్ని ఏళ్ళు అయిందో!

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేయాలి. మాంసం తిన్నందువలన మనిషికి ఈ తిత్తి రాదు. కుక్క నుండి వచ్చిన గ్రుడ్డు లోపలికి పోతేనే వస్తుంది. కనుక జన్మలో మాంసం ముట్టనివారికి కూడా రావచ్చు. ఒక మనిషి నుండి మరొక మనిషికి అంటదు. రోగి కంచం వేరు చేయనక్కరలేదు.

ఎండలో పడిన గ్రుడ్డు త్వరగా ఎండి చస్తుంది. నీడలో, తేమలో అదే గ్రుడ్డు నెలల తరబడి బ్రతుకుతుంది. మామిడి తోటలో ఉండేది నీడే కదా. గాలివానకు రాలిన రసం కాయను నేల మీద నుండి తీసి, పంచెకు తుడిచి జుర్రుకోవడం మనందరికీ అలవాటు. మాకూ అలవాటే. బకెట్ నీళ్ళలో బాగా కడిగి తినండి, మీరూ చేతులు కడుక్కోండి. అంతకన్నా కష్టం చెప్పడం లేదు.

కుడివైపు ప్రక్కటెముకల క్రింద బరువు, నొప్పి, చేతికి తగిలే గడ్డ, విడవని దగ్గు, ఉప్పటి నీళ్ళు కక్కినట్లు కళ్ళె రావడం ఉంటే అల్ట్రాసౌండ్ స్కాన్, ఎక్స్‌రే తీయించుకోవాలి. తిత్తి అని తేలగానే బెంబేలు పడకండి. కొన్ని తిత్తులు వాటంతట అవే గట్టిపడి సున్నంలా మారతాయి. వాటిని స్కాన్‌తో గమనిస్తూ ఉంటే చాలు. చిన్నవాటికి అల్బెండజోల్ మాత్రలు నెలల పాటు, మధ్య మధ్య రక్త పరీక్ష చేస్తూ ఇస్తారు. కొన్నింటిని స్కాన్ చూస్తూ సూదితో ఖాళీ చేస్తారు. పెద్దవాటికి ఆపరేషన్ అవసరం. బడిలో నులిపురుగులకు ఇచ్చే ఒక్క అల్బెండజోల్ మాత్రతో ఇది పోదు. ఆ మాత్ర వేసుకున్నాము కాబట్టి భయం లేదనుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, కడుపులో గడ్డ ఉన్నదని నాటు వైద్యుల చేత పిసికించడం, తోమించడం చేయకండి. తిత్తి లోపల పగిలితే ఆ నీటి వలన రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. బ్రతికినా, చెదిరిన ప్రతి రేణువూ ఒక క్రొత్త తిత్తిగా పెరగగలదు.

మన ఆంధ్ర, తమిళనాడు ప్రాంతాల నుండి ఈ జబ్బు చాలాకాలంగా వైద్య పత్రికలకు ఎక్కుతూనే ఉంది. దీనిని తరిమికొట్టిన దేశాలు లేకపోలేదు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఐస్‌లాండ్ అనే ద్వీపం ఒకటి. గొర్రెలే వారి బ్రతుకు, ఇంటికొక కుక్క. 1863లో డెన్మార్క్ నుండి హరాల్డ్ క్రాబె అనే శాస్త్రజ్ఞుడు వెళ్ళి నూరు కుక్కల ప్రేవులు పరీక్షిస్తే 28 కుక్కల్లో ఈ పురుగు కనబడింది. మరుసటి ఏడాది ఆయన వారి భాషలో ఒక చిన్న పుస్తకం వ్రాస్తే, దానిని ఇళ్ళకు ఉచితంగా పంచారు. అందులో ఉన్నది ఇంతే, తిత్తులున్న అవయవాలను కుక్కకు వేయకండి, కాల్చండి, పూడ్చండి. చట్టాలు తరువాత వచ్చాయి. చలికాలపు రాత్రుల్లో జనం ఆ పుస్తకం చదువుకున్నారు, అలవాటు మార్చుకున్నారు, ఆ జబ్బు కొన్ని తరాలలో ఆ ద్వీపం నుండి పోయింది. న్యూజీలాండ్‌లో కూడా పచ్చి అవయవాలు కుక్కలకు వేయడాన్ని నిషేధించి, ఏళ్ళ తరబడి కుక్కలకు మందులిచ్చి, 2002 నాటికి ఈ వ్యాధి లేదని ప్రకటించుకోగలిగారు.

మన దగ్గర ఇంటి పెళ్ళికి, క్రిస్మస్‌కు, గుడి ప్రతిష్ఠకు మేకలు, పొట్టేళ్ళు ఇంటి వెనుకే తెగుతాయి. ఆ రోజున కుక్కలు దూరంగా కట్టివేయబడాలి. కార్జంలో, ఊపిరితిత్తుల్లో బుడగ కనిపిస్తే దానిని చిదమకుండా కాల్చివేయండి. లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. కుక్కకు ఆ అవయవాలు పెట్టాలనే ఉంటే చిన్న ముక్కలు చేసి ముప్పావు గంట తెర్లనివ్వండి. ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టిస్తే చాలదా అంటారు. సున్నాకు 20 డిగ్రీల క్రింద కొన్ని రోజులు ఎడతెగకుండా ఉంటే తిత్తిలోని పురుగు చస్తుంది. కాని సాల్మొనెల్లా చావదు. వేసవిలో మన కరెంటు సంగతి మేము వ్రాయనక్కరలేదు.

అన్నం, ఉడికించిన మాంసం లేక గ్రుడ్డు, కాస్త గుమ్మడి, క్యారెట్ కలిపి పెద్ద కుక్కకు పెట్టవచ్చు. ఎదిగే పిల్లకు మాత్రం ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే సున్నం చాలక కాళ్ళు వంకర పోతాయి. పిల్లల మేత విషయం పశువైద్యుని అడిగే మార్చండి. ఏ మేతకు మార్చినా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. ఉల్లిపాయ వేసిన కూర, చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కకు విషం. వండిన ఎముక పేళ్ళుగా విరిగి ప్రేవులను చీలుస్తుంది. మన ఊళ్ళ ప్రత్యేకం ఒకటి, మామిడి టెంక. గుజ్జుకు ఆశపడి మ్రింగితే ప్రేవుల్లో అడ్డుపడుతుంది. టెంకలు కుక్కకు అందకుండా పారవేయండి.

పచ్చి మాంసం తింటే కుక్కకు పిచ్చి ఎక్కుతుందని పెద్దలు కొందరు అంటారు. అది నిజం కాదు. పిచ్చి, అనగా రేబీస్, వైరస్ వలన వచ్చేది, సాధారణంగా ఆ జబ్బు ఉన్న జంతువు కాటు వలన. ఉడికిన అన్నమే తినే కుక్క కరిచినా సబ్బు నీళ్ళతో పావుగంట గాయం కడిగి ఆ రోజే టీకాకు రావాలి.

చివరగా మాత్రల విషయం. కొట్లో దొరికే ప్రతి పురుగుల మందు ఈ బద్దెపురుగును చంపదు. ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉన్నదే కావాలి. కుక్క బరువు చూసి మోతాదు, ఎన్ని వారాలకు ఒకసారి అన్నది మీ ఊరి పశువుల ఆసుపత్రిలో చెబుతారు. గన్నవరంలో పశువైద్య కళాశాల కూడా ఉన్నది. ఈ మందు పురుగును చంపుతుంది గాని గ్రుడ్డును చంపదు. కనుక మందు వేసిన తరువాత రెండు మూడు రోజులు కుక్కను కట్టి ఉంచి, దాని మలాన్ని చేతికి తగలకుండా పారతో ఎత్తి కాల్చండి లేక లోతుగా పూడ్చండి. ఆ అమ్మాయి తండ్రి తమ కుక్కకు ఇంతవరకు ఒక్క మాత్ర వేయలేదని ఒప్పుకున్నాడు. కోతలు మొదలుకాక ముందే వేయిస్తానన్నాడు. మనవలు ముగ్గురూ అదే కుక్కతో పాకలో పడుకుంటారట. వారిని కూడా ఒకసారి తీసుకొని రమ్మని చెప్పి పంపాము.