కాళ్ళ మంటలకు కరెంటు వైద్యం – ఏమి చేస్తుంది? ఏమి చేయదు?

"సిస్టరమ్మా, కరెంటు పెట్టించుకుంటే కాళ్ళ నరాలు బాగవుతాయట, నిజమేనా?" అని షుగరు వ్యాధి ఉన్నవారు తరచుగా అడుగుతుంటారు. ఈ విషయం వివరంగా తెలుసుకుందాం.

షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే పాదాలకు వెళ్ళే నరాలు దెబ్బతింటాయి. మొదట వేళ్ళ చివర, తరువాత మేజోడు తొడిగినంత మేర తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్లు నొప్పి కలుగుతాయి. రాత్రిపూట బాధ ఎక్కువ. దీనినే న్యూరోపతి అంటారు. విటమిన్ బి12 లోపం, మద్యపానం, కుష్ఠువ్యాధి, కొన్ని మందుల వలన కూడా ఇది రావచ్చు. కనుక ముందు డాక్టరుగారి వద్ద కారణం తెలుసుకోవాలి.

ఫిజియోథెరపీలో ఇందుకు 'టెన్స్' అనే చిన్న యంత్రం వాడతారు. చర్మంపై అంటించిన ప్యాడ్ల ద్వారా స్వల్పమైన కరెంటును సాధారణంగా 20 నుండి 30 నిమిషాలు పంపుతారు. జివ్వుమన్నట్లు ఉంటుంది, అంతే. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దితే నొప్పి తగ్గినట్లు ఉంటుంది కదా! స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. ఈ యంత్రం వెనుక ఉన్న సూత్రం కూడా అదే. కొందరికి నొప్పి తగ్గి నిద్ర పడుతుంది. అందరికీ తగ్గదు.

ముఖ్యంగా గుర్తుంచుకోండి: ఇది నొప్పిని తగ్గించే సాధనమే గాని, దెబ్బతిన్న నరాన్ని బాగుచేసే మందు కాదు. మంట తగ్గిందని షుగరు మందులు మానేసి, ఒట్టికాళ్ళతో తిరిగితే మేకు దిగినా తెలియకపోవచ్చు. ఆ చిన్న పుండే ముదిరి కాలు తీసివేయవలసిన పరిస్థితి రావచ్చు.

జాగ్రత్తలు:

• గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు డాక్టరును అడగకుండా వాడరాదు.

• పుండు, క్యాన్సరు గడ్డ, రక్తం గడ్డకట్టిన భాగంపై ప్యాడ్లు పెట్టరాదు.

• బొత్తిగా స్పర్శ లేని చర్మంపై పెడితే కాలినా తెలియదు. అందుకే ముందు స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. సొంతంగా యంత్రం కొని వాడకండి.

• వేడినీళ్ళ కాపడం పెట్టవద్దు.

• ప్రతి రాత్రి పాదాలు కడిగి, తుడిచి, వేళ్ళ సందులు, అరికాళ్ళు పరీక్షగా చూడండి. చూపు ఆనని పెద్దవారికి ఇంట్లో పిల్లలు చూసిపెట్టాలి. బొబ్బ, పగులు, రంగు మార్పు కనిపిస్తే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.