బ్లేడు కన్నా ముందు కత్తెర

కాన్పుకు ఆసుపత్రిలో చేరిన ఆడమనిషికి నర్సమ్మ మొదట చేసే పని ఒకప్పుడు షేవింగే. కింద వెంట్రుకలుంటే క్రిములుంటాయని అందరి నమ్మకం. ఆ నమ్మకం నిలబడలేదు. మామూలు కాన్పుకు ముందు అలవాటుగా షేవింగ్ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆపరేషన్ల విషయంలో 2016లోనే ఇంకా గట్టిగా చెప్పింది: వెంట్రుకలు తీయకండి, తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించండి, బ్లేడు మాత్రం వద్దు. ఎందుకంటే బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా గీరుతుంది. కంటికి ఆనని ఆ గీతల్లో క్రిములు చేరతాయి.

ఆలుమగల పడకగదికీ ఇదే వర్తిస్తుంది. కలయిక కోసం అక్కడ నున్నగా చేసుకోవడం ఫోన్లు వచ్చాక పట్టుకున్న పిచ్చి అంటారు కొందరు. అది సగమే నిజం. నలభై రోజులు దాటకుండా ఆ వెంట్రుకలు తీసుకోవాలన్న నియమం ఇస్లాంలో ఎప్పటినుంచో ఉంది, మహబూబ్‌నగర్, జడ్చర్ల ముస్లిం ఇళ్లకు ఇదేం కొత్త కాదు. తీయాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. వాటిని మురికి అనుకోవడమే తప్పు. చర్మానికీ చర్మానికీ మధ్య రాపిడిని తగ్గించే పని వాటిది. మొగుడు అడిగాడని మనసొప్పకున్నా పెళ్లాం బ్లేడు పట్టడం నాకైతే సబబుగా తోచదు.

తీయాలనుకుంటే అన్నిటికన్నా భద్రం ట్రిమ్మర్, లేదా మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర. పొట్టిగా కత్తిరిస్తే చాలామందికి అదే సరిపోతుంది. నున్నగానే కావాలంటే ముందు కత్తిరించాలి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, వెంట్రుక మెత్తబడ్డాక షేవింగ్ క్రీము రాసి, కొత్త బ్లేడుతో వెంట్రుక పెరిగే దిక్కుకే మెల్లగా గీయాలి. ఎదురు గీస్తే మొన చర్మం లోపలికి తిరిగి ఎర్రటి పొక్కులు లేస్తాయి. ఉప్పు నీళ్ల బోరున్న ఊళ్లలో సబ్బు నురగ రాదు, అక్కడ సబ్బును నమ్ముకుంటే మంటే మిగులుతుంది. వెంట్రుకలు ఊడే క్రీము వాడేవాళ్లు ముందు రోజు మోచేతి దగ్గర కొంచెం రాసి చూసుకోవాలి. లోపలి మెత్తటి చర్మానికి దాన్ని తగలనివ్వద్దు.

అమెరికాలో ఏడున్నర వేల మందిని అడిగి 2017లో అచ్చేసిన పరిశోధనలో, కింద వెంట్రుకలు తీసుకునేవాళ్లలో నాలుగోవంతు మంది ఎప్పుడో ఒకప్పుడు గాయపడ్డామన్నారు. ఎక్కువగా కోతలే.

కోతల కన్నా నన్ను భయపెట్టేది ఇచ్చిపుచ్చుకునే రేజరు. ముంబై, పుణేలకు వలసపోయిన పాలమూరు కూలీలు ఒకే గదిలో సర్దుకుంటారు. అలాంటి గదిలో ఒకరి రేజరు ఇంకొకరి చేతికి పోవడానికి ఎంతసేపు? హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దసరాకు ఇంటికొచ్చేటప్పుడు సంచిలో అదీ రావచ్చు. మొగుడూపెళ్లాలైనా సరే ఎవరి రేజరు వాళ్లదే.

ఆ రాత్రి కోసం ఆ సాయంత్రమే గీసుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. చర్మం మానడానికి ఒకటి రెండు రోజులు ఇవ్వాలి. పులిపిర్లు, హెర్పిస్ లాంటివి చర్మానికి చర్మం తగిలితే చాలు, మానని ఆ గీతల గుండా అంటుకోవచ్చు, కండోమ్ కప్పేది కొంత మేరే. మంటకు కొబ్బరి నూనె రాసుకుంటే కండోమ్ తొడిగే ముందు శుభ్రంగా కడుక్కోవాలి, నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. పులిపిర్లో పుండ్లో ముందే ఉంటే వాటి మీద బ్లేడు పెట్టనే వద్దు. ఒకచోట ఉన్నది పక్కకంతా పాకుతుంది.

నల్లగొండ ఎండలకు చెమట పట్టి గజ్జల్లో దురద వస్తే చాలామంది మెడికల్ షాపులో ట్యూబు అడుగుతారు. అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండ్రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామర రెట్టింపై తిరిగొస్తుంది. దానికి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి పోవాలి. చెప్పుకోలేని చోటి జబ్బులకు సురక్ష క్లినిక్‌లు కూడా ఉన్నాయి. పొక్కు గడ్డై చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లయితే అంతదాకా కూడా చూడకుండా ముందే పోవాలి.