బాగ్దాద్ వీధిలో పచ్చని చోటు

కువైట్‌లో సాల్మియా అంటే దుకాణాలు, అపార్టుమెంట్లు, తెగని ట్రాఫిక్. ఆ రద్దీలోనే బాగ్దాద్ వీధిలో ఒక పబ్లిక్ పార్కు పట్టించుకునేవాళ్లు లేక బీడుపడి ఉండేది. 2014లో ఆ చుట్టుపక్కలవాళ్లే కొందరు పార పట్టారు. అలా తయారైందే ‘సీక్రెట్ గార్డెన్’. కువైటీలూ, పొట్టచేత పట్టుకుని వచ్చిన పరదేశీయులూ, పిల్లలూ కలిసి పాదులు చేశారు. పూలమొక్కలు, కూరగాయలు పెంచారు. వంటింటి వ్యర్థాలను ఎరువుగా మార్చారు.

ఆ శ్రమ విలువ తెలియాలంటే అక్కడి ఎండ తెలియాలి. ఏడాది వాన సుమారు 110 మిల్లీమీటర్లు. కరువు సీమగా పేరుపడ్డ మన అనంతపురంలోనే దానికి దాదాపు ఐదింతలు కురుస్తుంది. 2016 జులై 21న కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఇసుక నేల పోసిన నీటిని నిలుపుకోదు. అందుకే పాదులో ఎరువు కలపాలి, మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పాలి.

ఇలాంటి పార్కుల్లో సాయంగా మొక్కలు నాటడానికి ఆఫీసు బృందాలు ఎక్కువగా చలికాలంలో వస్తాయి. మంచిదే. కానీ మొక్క బతికిందో లేదో తేలేది ఆగస్టులో. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల మధ్య ఆరుబయట పని చేయించకూడదని అక్కడి నిబంధన. కాబట్టి నీళ్లు తెల్లవారుజామునో పొద్దుగూకాకో పెట్టాలి. ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఒకేచోట ఉద్యోగం చేసేవాళ్లకు మాత్రం ఇది సాధ్యమే. రోజూ కలుస్తారు, వంతులు వేసుకోగలరు. ఒకరు సెలవు మీద ఊరెళ్తే ఇంకొకరు ఆ వంతు చూసుకుంటారు. నా దృష్టిలో ఏటా వంద మొక్కలు నాటి వెళ్లిపోయే బృందం కన్నా, పది మొక్కలను ఎండాకాలం దాటించే బృందమే గొప్పది.

ఇంకో మాట. కువైట్ పార్కుల్లో జీతానికి పనిచేసే తోటమాలుల్లో చాలామంది మన ఉపఖండంవాళ్లే. ఏ మొక్కకు ఎన్ని నీళ్లు కావాలో వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. సాయానికి వెళ్లినవాళ్లు ముందుగా వాళ్లనే అడగాలి, వాళ్లు చెప్పినట్టు చేయాలి.

కడప, రాజంపేట, రాయచోటిల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లిన మనవాళ్లలో మడి దున్నినవారూ, తోట తడిపినవారూ ఎందరో ఉన్నారు. కువైట్‌లోని తెలుగు ఉద్యోగులారా, ఈ అక్టోబరులో మీ ఆఫీసువాళ్లను కూడగట్టండి. దగ్గర్లోని పార్కువాళ్ల అనుమతి తీసుకోండి. నాటే రోజుకన్నా ముందే జూన్, జులై, ఆగస్టు నెలల వంతుల పట్టిక రాసుకోండి.