ఏడు చిన్న డిస్కులు, ఒక పెద్ద డిస్కు

మా యింట్లో దేవుని గదిని ఆనుకొని వున్న బీరువాలో ఒక సొరుగు వుంది. పూర్వం మా నాన్నగారు అందులో పన్ను రసీదులు, భూమి కాగితాలు దాచేవారు. ఆయన తర్వాత అది నా పాలబడింది. నేను చేసిన ఘనకార్యమల్లా ఆ కాగితాలమీద కంప్యూటరు హార్డుడిస్కులు పేర్చడమే. 320 జి.బి.ది ఒకటి, 500 జి.బి.వి రెండు, 1 టి.బి.ది ఒకటి, పెన్‌డ్రైవులు మూడు – వెరసి ఏడు. దేనిలో యేముందో తెలిసినవారు యింట్లో ఒక్కరూ లేరు, నాతో సహా. మీ యిళ్ళలోనూ యిటువంటి సొరుగు వుండకపోదు.

అందులో యేమున్నాయంటే మా కుటుంబం యావత్తూ వుంది. 1936 ఏప్రిలు 1వ తేదీ దాకా మన బరంపురం మద్రాసు రాజధానిలోనిదే కదా. అందుచేత మా తాతగారి దస్తావేజులు తెలుగులోనూ, నాన్నగారి నాటివి ఒడియాలోనూ, పిల్లల సర్టిఫికెట్లు యింగ్లీషులోనూ వున్నాయి. అన్నిటినీ స్కాను చేయించి పెట్టాను. (అసలు కాగితాలు మాత్రం పారవేయకండి, కోర్టువారు అసలే అడుగుతారు.) ఠాకురాణి యాత్రల ఫోటోలు, పెళ్ళిళ్ళు, బారసాలలు వున్నాయి. వీటన్నిటికంటె ముఖ్యమైనది, మా అమ్మ పోవడానికి రెండేళ్ళ ముందు నేను ఫోనులో పట్టిన ఆమె గొంతు. చింతకాయ పచ్చడి యెలా నూరాలో కోడలికి చెబుతూ, మధ్యలో పెరట్లో కాకిని తిడుతుంది. మొత్తం పదకొండు నిమిషాలు.

పెద్ద డిస్కు కొని అన్నీ ఒకచోట చేర్చుదామని నేను లోగడ ఒకసారి ప్రయత్నించాను. ఆ కథ చెప్పడం నాకు సిగ్గే, అయినా చెబుతాను. మా చెల్లెలి పెళ్ళి 2009లో అయింది. మా బావమరిది పెళ్ళి 2011లో. రెండు డిస్కులలోనూ ‘పెళ్ళి’ అనే పేరుతోనే ఫోల్డరు పెట్టాను. కెమెరా తాను తీసిన ఫోటోలకు పేర్లు పెట్టదు, అంకెలు వేస్తుంది. ఆ అంకెలు రెంటిలోనూ ఒకటే. మొదట చెల్లెలి పెళ్ళి ఎక్కించాను. తర్వాత బావమరిది పెళ్ళి ఎక్కిస్తుంటే, ‘ఆ పేరుతో యింతకుముందే ఒకటి వుంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటావా?’ అని కంప్యూటరు అడిగింది. నేను తొందరలో అన్నిటికీ సరేనన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. పాత డిస్కును వెంటనే తుడిచివేసి పిల్లవాడి చదువుకిచ్చాను. తర్వాతెప్పుడో చెల్లెలు వచ్చి తన పెళ్ళి ఫోటోలు చూస్తానంటే, తలంబ్రాలు పోస్తూ మా బావమరిది కనిపించాడు. నూటనలభై ఫోటోలు పోయాయి. చెల్లెలు నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

రెండవసారి యీ పనికి పూనుకొన్నప్పుడు మా అక్క కొడుకును పిలిచాను. వాడు కొరాపుట్ జిల్లా జయపురంలో వుద్యోగం చేస్తున్నాడు, దసరాకు వచ్చాడు. మూలనున్న పాత కంప్యూటరులో వుచితంగా దొరికే లినక్సు వేసి, 4 టి.బి. డిస్కు బిగించి, యింటి సర్వరు అన్నాడు. అంటే మరేమీ కాదు – యింటిల్లిపాదీ తమ ఫోన్లనుండి, టీవీనుండి చూచుకొనగల ఒక వుమ్మడి బీరువా. తెరమీద 4కు బదులు 3.63 అని కనబడితే అంగడివాడు మోసం చేశాడనుకొన్నాను. “లేదు మావయ్యా, తయారుచేసేవాడు వెయ్యిచొప్పున లెక్కవేస్తాడు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కవేస్తుంది” అన్నాడు. కొలిచే మానిక వేరు, అంతే. అన్నట్టు, 1956లో ఐ.బి.యం. వారు చేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళాలు యాభై వుండేవట. బరువు టన్నుకు పైమాట. అంత యంత్రంలో పట్టేది 50 లక్షల అక్షరాలు. నేటి ఫోను ఫోటోలు ఒకటి రెండు పెడితే నిండిపోయేది.

ముందు దేన్ని ఎక్కించాలి? పెద్దదాన్ని అన్నాను నేను. వాడు ఒక్కొక్క డిస్కునూ చెవిదగ్గర పెట్టుకొని, 320 జి.బి.ది టిక్కు టిక్కుమంటోందని దాన్నే ముందు తీశాడు. జబ్బుపడినదాన్ని ముందు చూడాలట. అమ్మ గొంతు అందులోనే వుంది.

వాడు చేసిన పనులలో నాకు నచ్చింది ఒకటి. ఏ డిస్కుకు ఆ డిస్కు పేరున, కొన్న సంవత్సరం వేసి వేరువేరు ఫోల్డర్లు పెట్టాడు. దేన్నీ దేనిలోనూ కలపలేదు. ఒకే ఫోటో మూడుచోట్ల వున్నా వుండనిమ్మన్నాడు, యేరివేత తర్వాత తీరికగా చేసికోవచ్చునట. ‘కట్’ చేయకూడదు, ‘కాపీ’యే చేయాలి. కట్ చేస్తే వెనుక మాయమవుతూ వస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఎటూ కాకుండా పోవచ్చు. మన వూళ్ళో వైశాఖమాసపు గాలివానల సంగతి మీకు చెప్పాలా? అందుకే యు.పి.యస్. లేకుండా కూర్చోవద్దన్నాడు. నాలుగు డిస్కులలోనూ కలిపి 1,600 జి.బి. వరకు సరకుంది. పాత తీగలమీద సెకనుకు 30 ఎం.బి. చొప్పున పోతే పదిహేను గంటలు. చిన్న చిన్న ఫైళ్ళయితే యింకా ఆలస్యం – నోట్లకట్ట లెక్కపెట్టడం వేరు, చిల్లర లెక్కపెట్టడం వేరు కదా.

కాపీ అయింది. యిక తుడిచేద్దామా అంటే వాడు నావైపు చూచిన చూపు నేను మరచిపోను. ఆఫీసులో మేము కూడిక చేసిన తర్వాత రెండవవాడు మళ్ళీ కూడి సరిచూస్తాడు. అటువంటిదే యిక్కడా వుంది, చెక్‌సమ్ అంటారు. ఒక్కొక్క ఫైలును ఆమూలాగ్రం చదివి 64 అక్షరాల గుర్తు ఒకటి తేలుస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. పాతదాని గుర్తు, కొత్తదాని గుర్తు సరిపోతేనే కాపీ అయినట్లు. 320 డిస్కులో మూడు ఫైళ్ళు సరిపోలేదు. రాత్రి పదకొండింటికి నా గుండె యెలా కొట్టుకొందో! మూడూ యాత్ర ఫోటోలే. అమ్మది సరిపోయింది.

ఒక చిక్కు మాత్రం వాడికీ తెలియదు, నేను కనిపెట్టాను. నాన్నగారు 2004లో మా వంశావళిని డి.టి.పి. షాపులో టైపు చేయించారు. చెక్‌సమ్ సరిపోయింది గాని, తెరచి చూస్తే అంతా అర్థంలేని గుర్తులు! అది అను ఫాంటులో టైపు చేసినది. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. ఆ ఫాంటు యింకా వున్న షాపుకు తీసికొనివెళ్ళి పి.డి.యఫ్. చేయించి, తర్వాత యూనికోడులో మళ్ళీ టైపు చేయించాను. మీ పెద్దల వ్రాతలు అటువంటివి వుంటే యిప్పుడే చూచుకోండి. ఆ షాపులు తగ్గిపోతున్నాయి.

యిక్కడికి పని అయిపోయిందనుకొని పాత డిస్కులు అమ్మేయబోయాను. “మావయ్యా, యిదివరకు ఒకటి పోతే ఏడింట ఒక వంతు పోయేది. యిప్పుడు ఒకటి పోతే అన్నీ పోతాయి” అన్నాడు. నేనంత దూరం ఆలోచించలేదు. ఒకచోట చేర్చడమంటే భద్రపరచడమేనని యిన్నాళ్ళూ నమ్మాను. కావలసింది రెండవ ప్రతి, అదీ మరొక యింట్లో.

ఎవరింట్లో? విశాఖపట్నంలో మా బావమరిది వున్నాడు కదా అన్నది మా ఆవిడ. నాకు 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి జ్ఞాపకం వచ్చింది. గోపాలపురం దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు గంటకు 200 కిలోమీటర్ల గాలి. డిస్కులను ప్లాస్టిక్ సంచులలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాము. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను కొట్టింది. సముద్రపు టొడ్డునుండి సముద్రపు టొడ్డుకు పంపి లాభమేమి? చివరికి యింకొక 4 టి.బి. డిస్కు కొని, అంతా ఎక్కించి జయపురం పంపాము. దసరాకు వాడు దాన్ని తెస్తాడు. ఆ యేటి కొత్తవి చేర్చుకొని పట్టుకుపోతాడు. పాత చిన్నవాటిని తుడవలేదు. ఆ సొరుగులోనే వున్నాయి, ఒక్కొక్కదానిమీద యేముందో కాగితం అంటించి.

అమ్మ గొంతు మొన్న సంక్రాంతికి అందరమూ కూర్చుని విన్నాము. చెల్లెలు కూడా వచ్చింది. కాకిని తిట్టినచోట నవ్వింది, తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది.

దాని పెళ్ళి ఫోటోలు మాత్రం నేటికీ లేవు. ఆ పెళ్ళి బరంపురంలోనే జరిగింది, మన సంఘం కుటుంబాలవారు చాలామంది వచ్చారు. ఆనాడు కెమెరాలు తెచ్చినవారు మీలో వుంటే, దయచేసి మీ యింట్లోని సొరుగు ఒకసారి తెరచి చూడండి.