ఐదు మిల్లీమీటర్ల కిరణం

1897 జనవరి 29, శుక్రవారం సాయంత్రం. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జగదీశ్ చంద్ర బోస్ ప్రసంగించారు. తన వెంట కలకత్తా నుంచి తెచ్చుకున్న పరికరం ఒక బల్ల మీద పట్టేంతే ఉంది. ఒక చివర నిప్పురవ్వ పుట్టించే పెట్టె, రెండో చివర లోహపు గరాటు అమర్చిన గ్రాహకం, మధ్యలో పట్టకాలు, స్ఫటికాలు. ఆ పెట్టె నుంచి బోస్ పుట్టించగలిగిన విద్యుత్ తరంగాల్లో అతి చిన్నదాని పొడవు 5 మిల్లీమీటర్లు. ఇప్పటి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్. 5జీ, 6జీ గురించి మాట్లాడేవాళ్లు ‘మిల్లీమీటర్ వేవ్’ అనే తరంగాల కుటుంబానికి చెందినదే ఇది.

అంత చిన్న తరంగం ఆయనకెందుకు అవసరమైంది? దానికి పదేళ్ల ముందు జర్మనీలోని కార్ల్స్‌రూలో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుత్ తరంగాలను పుట్టించారు. అవి కాంతిలాగే వంగుతాయని చూపించడానికి ఆయనకు ఒక పట్టకం కావాల్సివచ్చింది. తరంగం పొడవు అరమీటరు పైన ఉంది కాబట్టి పట్టకమూ అంతకు తగ్గట్టే ఉండాలి. కీలు పోసి తయారుచేసిన ఆ పట్టకం ఎత్తు ఒకటిన్నర మీటర్లు, బరువు సుమారు 600 కిలోలు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో బోస్‌కు దొరికినది ఒక ఇరుకు గది. చేతికింద ఉన్నది రేకుపని చేసే ఒక కార్మికుడు. పరికరాలను పెంచడం కుదరదు కనుక ఆయన తరంగాన్నే కుదించారు. కుదించిన కొద్దీ అది కాంతిలా సూటిగా సాగింది, గది దాటకుండానే పరీక్షలన్నీ పూర్తయ్యాయి.

ఆ పరీక్షల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూడాలి. తరంగంలో విద్యుత్ క్షేత్రం ఏ దిశలో ఊగుతోందో తేల్చే సాధనం, అంటే ధ్రువణకారి, కావాలి. బోస్ బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం ఒకటి తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి మూశారు. పుస్తకాన్ని ఒక వైపు పట్టుకుంటే క్షేత్రం రేకులకు సమాంతరంగా పడుతుంది. అప్పుడు రేకుల్లో కరెంటు పారి తరంగం ఆగిపోతుంది. అదే పుస్తకాన్ని 90 డిగ్రీలు తిప్పితే తరంగం దాటిపోతుంది, గ్రాహకానికి కలిపిన గాల్వనామీటరు ముల్లు కదులుతుంది. మరో ప్రయోగంలో మెలిపెట్టిన జనపనార కట్టలు వాడారు. మెలి ఎటు తిరిగితే ధ్రువణ తలం అటు తిరిగింది. బెంగాల్‌లో జనపనారకు కరువేముంది!

గ్రాహకం విషయంలో ఆయన చేసిన పని ఇంకా దూరం వెళ్లింది. సీసపు ఖనిజమైన గలీనా స్ఫటికానికి లోహపు మొన ఆనించి, దానితో తరంగాలను పసిగట్టారు. (మన పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండలమొట్టు గనిలో ఒకప్పుడు తవ్వింది ఈ గలీనానే.) స్నేహితులు పట్టుబట్టడంతో 1901లో అమెరికాలో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. 1904 మార్చి 29న 755,840 నంబరుతో అది మంజూరైంది. సెమీకండక్టర్ పరికరాలకు దక్కిన తొలి పేటెంట్లలో అది ఒకటి. కానీ పేటెంట్లతో డబ్బు చేసుకోవడం బోస్‌కు మొదటి నుంచీ ఇష్టం లేదు. అప్పటికే ఆయన దృష్టి మొక్కల వైపు మళ్లింది.

1901 డిసెంబరులో మార్కోనీ సంకేతాలు అట్లాంటిక్ దాటాయి. వాటిని మోసినవి వందల మీటర్ల పొడవున్న తరంగాలు. ఓడలకు, సైన్యాలకు దూరం కావాలి. దూరం ఇచ్చేది పొడవైన తరంగం. అంత దూరం పోలేని మిల్లీమీటర్ తరంగంతో ఎవరికేం పని? దశాబ్దాల పాటు అది ప్రయోగశాలలకే పరిమితమైంది.

మధ్యలో ఒకసారి దాన్ని నిజంగా పనిలో పెట్టబోయారు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ 40 నుంచి 110 గిగాహెర్ట్జ్ తరంగాలను గాలిలో వదలకుండా 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న లోహపు గొట్టంలో నడిపించింది. న్యూజెర్సీలో 14 కిలోమీటర్లు ఆ గొట్టం పాతి 1970లలో పరీక్షించింది. ఒకేసారి లక్షల ఫోన్ సంభాషణలు మోయగల ఏర్పాటది, బాగానే పనిచేసింది. అంతలో ఆప్టికల్ ఫైబర్ వచ్చేసింది. వెంట్రుక మందాన ఉన్న గాజు తీగ ముందు ఆ గొట్టం నిలబడలేదు.

గొట్టంలో ఎందుకు దాచాల్సివచ్చిందంటే గాలి కారణంగా. 60 గిగాహెర్ట్జ్ దగ్గర ఆక్సిజన్ అణువులు తరంగాన్ని పీల్చేస్తాయి. కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్స్ నష్టం, అంటే మిగిలేది దాదాపు ముప్పయ్యో వంతు. బోస్ ఎంచుకున్న 5 మిల్లీమీటర్లు సరిగ్గా ఈ గుంటలోనే పడ్డాయి. అయినా గదిలో ఆయనకు ఆ తేడా తెలిసే అవకాశమే లేదు. పాతిక మీటర్ల దూరంలో ఆక్సిజన్ తీసుకునేది పదో వంతుకన్నా తక్కువే. ఈ తరంగాల కథంతా ఈ అంకెల్లోనే ఉందని నాకనిపిస్తుంది. తరంగంలో లోపం ఉందా లేదా అన్నది దాన్ని ఎంత దూరం పంపుతున్నామన్న దాన్ని బట్టే తేలుతుంది.

2013లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన థియోడర్ రాపపోర్ట్ బృందం చూపించింది సరిగ్గా ఇదే. న్యూయార్క్ వీధుల్లో 28 గిగాహెర్ట్జ్, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో 38 గిగాహెర్ట్జ్ తరంగాలను ప్రసారం చేసి కొలిచారు. వాన వస్తే అంతా పోతుందన్నది పాత భయం. గంటకు 25 మిల్లీమీటర్లు కురిసే వానలో 28 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కిలోమీటరుకు సుమారు 7 డెసిబెల్స్ కోల్పోతుంది. అంటే అయిదో వంతుకు పడిపోతుంది. కానీ నగరంలో టవర్ల మధ్య దూరం 200 మీటర్లయితే నష్టం మూడో వంతు కూడా ఉండదు. గోడలు అడ్డొచ్చినా ఇటుక నుంచి, గాజు నుంచి పరావర్తనం చెంది సిగ్నల్ పక్కసందు నుంచి చేరుతోంది.

తరంగం పొట్టిదైతే యాంటెన్నా కూడా పొట్టిదే. 28 గిగాహెర్ట్జ్‌కు అర సెంటీమీటరు చాలు. కాబట్టి అరచేతిలో పట్టే పలక మీద డజన్ల కొద్దీ యాంటెన్నాలు పేర్చవచ్చు. ఒక్కోదానికి వెళ్లే సంకేతాన్ని కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తూ పోతే అన్నీ కలిసి ఒక సన్నని పుంజమవుతాయి. టార్చిలైటులా దాన్ని కోరిన ఫోను వైపు తిప్పవచ్చు, పలకను మాత్రం కదపనక్కర్లేదు.

ఈ ఏర్పాటును కంటితో చూడాలనుకునేవారు అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఐఫోన్ 12 ఉంటే తీసి, కుడి పక్క అంచు చూడండి. పవర్ బటన్ కింద మాత్ర ఆకారంలో చిన్న పట్టీ ఉంటుంది. లోహం గుండా ఈ తరంగం పోదు కనుక యాంటెన్నా కోసం అక్కడ కిటికీ తెరిచారు. ఇక్కడ కొన్న అదే ఫోనుకు ఆ కిటికీ ఉండదు.

మన దేశంలో 2022 ఆగస్టులో ముగిసిన స్పెక్ట్రమ్ వేలంలో 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా అమ్ముడైంది. జియో 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర సర్కిల్‌ను బట్టి 100 మెగాహెర్ట్జ్ లేదా కాస్త ఎక్కువ కొంటే, 26 దగ్గర ప్రతి సర్కిల్‌లో 1,000 మెగాహెర్ట్జ్ తీసుకుంది. దాదాపు పదిరెట్ల వెడల్పు. పైకి వెళ్లాలన్న ఆరాటమంతా ఈ ఖాళీ స్థలం కోసమే. అయితే మన ఫోన్లలో ఇప్పుడు కనిపించే 5జీ దాదాపుగా కింది బ్యాండ్లదే.

ఇంకా పైకి వెళితే టెరాహెర్ట్జ్, అంటే వెయ్యి గిగాహెర్ట్జ్, వైపు చేరతాం. అక్కడ అడ్డు రెండు వైపుల నుంచి. ఒకటి నీటి ఆవిరి. 183, 325, 557 గిగాహెర్ట్జ్‌ల దగ్గర అది తరంగాన్ని మింగేస్తుంది, కనుక ఇంజనీర్లు వాటి మధ్య ఖాళీలను వెతుక్కుంటున్నారు. రెండోది పుట్టించడం. ఎలక్ట్రాన్లు ట్రాన్సిస్టర్‌ను దాటేలోపే తరంగం తలకిందులైపోతుంది. సిలికాన్‌ను పక్కనపెట్టి ఇండియం ఫాస్ఫైడ్‌తో చేసిన చిప్ 2014లో 1 టెరాహెర్ట్జ్ దగ్గర సంకేతాన్ని సుమారు ఎనిమిది రెట్లు పెంచి గిన్నిస్ రికార్డుకెక్కింది. 252 నుంచి 325 గిగాహెర్ట్జ్ మధ్య సెకనుకు 100 గిగాబిట్ల వేగానికి ఐఈఈఈ సంస్థ 2017లో ప్రమాణం ప్రకటించింది. ఆ ప్రమాణం ఉద్దేశించిన చోట్లు చూస్తే దూరం లెక్క ఇక్కడా కనిపిస్తుంది. డేటా సెంటర్లలో సర్వర్ల బీరువా నుంచి బీరువాకు, ఒకే పరికరం లోపల చిప్ నుంచి చిప్‌కు, సినిమా అమ్మే కియోస్క్ నుంచి చేతిలోని ఫోనుకు. వీటిలో చాలావాటికి కావాల్సింది కొన్ని సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్లు మాత్రమే. టవర్ల మధ్య కేబుల్ బదులు వాడే లింకులకు మాత్రం వందల మీటర్లు కావాలి, వాటికోసం ఎదురెదురుగా గురిపెట్టిన డిష్ యాంటెన్నాలు వాడాల్సిందే.